ఘాట్‌లో పికప్ లాగట్లేదు: ఇంటర్‌కూలర్ పెద్దది వేయాలా, నీళ్లు చిమ్మాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బీఎస్-4 టర్బో డీజిల్ పికప్, రెండున్నర లీటర్ల ఇంజన్. విజయనగరంలో ఒకటిన్నర టన్ను దాకా సరుకు వేసుకుని సాలూరు మీదుగా ఒడిశాలోని జయపురం వస్తారు. తెల్లవారుజామున అయితే సుంకి ఘాట్ ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. మధ్యాహ్నం ఎక్కితే సగం ఘాట్‌లోనే లాగడం తగ్గుతుంది, నల్లపొగ వస్తుంది, టెంపరేచర్ ముల్లు కూడా మామూలు కంటే పైకి జరుగుతుంది. ఒక మెకానిక్ పెద్ద లారీ ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజన్‌లోకి వెళ్లే ముందు చల్లబరిచేది) బిగిద్దామన్నాడు. ఇంకొకాయన ఉన్నదాని మీద నీళ్లు చిమ్మే పైపు పెడదామన్నాడు. ఏది చేయాలి?

ఇప్పటికి రెండూ వద్దు. మొదట, ఇప్పుడున్న ఇంటర్‌కూలర్‌కి గాలి అందేలా చేయండి. అంటే దానికీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కున్న చెత్త తీయడం, ఫ్యాను, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు సరిచేయడం. తర్వాత టర్బో గాలి వెళ్లే రబ్బరు గొట్టాల (హోస్‌ల) లీకు చూడండి. ఆ తర్వాత ఘాట్‌లోనే రీడింగులు తీయండి. కంపెనీ బిగించిన ఇంటర్‌కూలర్ ఆ ఇంజన్‌కి సరిపోకపోవడం చాలా అరుదు. దాని పని దాన్ని చేయనివ్వకపోవడమే ఎక్కువగా కనిపించేది.

మీరు రాసినదాంట్లో రెండు మాటలు చాలా పనికొచ్చాయి. ఒకటి, పొద్దున బాగుంది, మధ్యాహ్నం బాలేదు. లీకుకి పొద్దున, మధ్యాహ్నం తేడా తెలియదు, అది ఎప్పుడైనా ఒకేలా కారుతుంది. రెండు, ముల్లు కూడా పైకి వస్తోంది. టర్బో గాలి, రేడియేటర్ నీళ్లు రెండూ ఒకేసారి వేడెక్కుతున్నాయంటే, ఆ రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది బయటి గాలి, దాన్ని లాగే ఫ్యాను. నా మొదటి అనుమానం అక్కడే. నల్లపొగ ఉంది కాబట్టి చిన్న లీకు కూడా తోడై ఉండొచ్చు, దాన్ని కొట్టిపారేయను.

లెక్క ఎలా ఉంటుందంటే

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో గాలిని సుమారు 2.2 రెట్లకు నొక్కుతోంది అనుకుందాం (గేజీలో 1.2 బార్ బూస్ట్, అంటే బయటి ఒత్తిడి మీద టర్బో అదనంగా పెంచింది), టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం. బయట 40 డిగ్రీల ఎండ ఉంటే టర్బోలోంచి వచ్చే గాలి 150 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ బాగుంటే, అంటే ఆ గాలికీ బయటి గాలికీ ఉన్న తేడాలో 75 శాతం తీసేస్తే, మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టానికి) 68 డిగ్రీల దగ్గర చేరుతుంది. దాని సన్నటి రేకు రెక్కలు పూడి సామర్థ్యం 50 శాతానికి పడిపోతే అదే గాలి 97 డిగ్రీలకు చేరుతుంది. ఒకే ఒత్తిడి దగ్గర ఈ తేడా వల్ల సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువు 8 శాతం తగ్గుతుంది.

ఇప్పుడు తెల్లవారుజాము చూడండి. బయట 24 డిగ్రీలు ఉంటే బాగున్న ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 51 డిగ్రీలు. ఆ పొద్దుటి గాలితో పోలిస్తే మధ్యాహ్నం మంచి ఇంటర్‌కూలర్‌తో 5 శాతం, పూడినదాంతో 12 శాతానికి పైగా గాలి తక్కువ. 5 శాతం తేడా డ్రైవర్‌కి పెద్దగా తెలియదు. 12 శాతం అంటే గేరు దించాల్సిందే.

డీజిల్ అంతే వెళ్తూ గాలి తగ్గితే పూర్తిగా మండదు, అదే నల్లపొగ. ఇక్కడితో ఆగదు. లోపలికి వెళ్లే గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే, సైలెన్సర్ వైపు వచ్చే గ్యాసు వేడి కూడా కనీసం అన్ని డిగ్రీలు, తరచుగా ఇంకా ఎక్కువే పెరుగుతుంది. పిస్టన్ తల, ఎగ్జాస్ట్ వాల్వులు, టర్బో చక్రం ఆ వేడిని భరించాలి. టర్బోకి ముందు ఈ గ్యాసు 700 డిగ్రీలు దాటి నిమిషాల తరబడి ఉండటం మంచిది కాదు. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఉన్న బండ్లలో మానిఫోల్డ్ గాలి గానీ, కూలెంట్ గానీ హద్దు దాటితే అదే డీజిల్ తగ్గించేస్తుంది. మీరు 'లాగట్లేదు' అంటున్నదాంట్లో కొంత ఇంజన్ తన్ను తాను కాపాడుకోవడం కూడా అయ్యుండొచ్చు.

ఎత్తు సంగతి వేరే. ఘాట్ పైనున్న సిమిలిగూడ, కోరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి 0.91 బార్ దగ్గర ఉంటుంది, కింద విజయనగరంలో 1 బార్. అదే లాగుడు రావాలంటే టర్బో గాలిని ఇంకా ఎక్కువ రెట్లు నొక్కాలి, దాంతో బయటికొచ్చే గాలి మరో 15 డిగ్రీలు వేడెక్కుతుంది. వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఆపే తలుపు) స్ప్రింగుతో పనిచేసే మామూలు టర్బో అయితే ఆ లోటు అలా పూర్తిగా పూడ్చలేదు కూడా. కాబట్టి పైన కొంచెం లాగుడు తగ్గడం సహజమే. ఇంటర్‌కూలర్ ఎంత బాగున్నా కింద సాలూరులో ఉన్నట్టు పైన పొట్టంగిలో ఉండదు.

చెత్త ఎక్కడుందో చూడటం

ముందు గ్రిల్లులోంచి చూసి 'శుభ్రంగానే ఉంది' అనేస్తారు. చాలా బండ్లలో వరస ఇలా ఉంటుంది: ముందు ఏసీ కండెన్సర్ ఉంటే అది, తర్వాత ఇంటర్‌కూలర్, దాని వెనక రేడియేటర్, చివర ఫ్యాను. పెద్ద చెత్త ముందు ఆగుతుంది. సన్నదుమ్ము, పత్తి నూగు, పురుగుల రెక్కలు ఇంటర్‌కూలర్ దాటి రేడియేటర్ ముఖం మీద పేరుకుంటాయి. ఇంటర్‌కూలర్ పక్క బోల్టులు వదులు చేసి రెండు వేళ్లు పట్టేంత ముందుకు లాగి, టార్చిలైటు పైనుంచి కిందికి వేసి చూడండి. రాయగడ, గుణుపురం వైపు పత్తి సీజన్‌లో తిరిగిన బండ్లలో అక్కడ బూడిదరంగు కంబళి ముక్కలా ఒక పొర దొరుకుతుంది. వేలితో చుట్టి లాగితే చాప చుట్టినట్టు ఊడి వస్తుంది. ముందునుంచి గాలి కొడితే ఆ పొర ఇంకా బిగుసుకుంటుంది తప్ప పోదు. దామన్‌జోడి వైపు ఎర్రదుమ్ము రోడ్ల బండ్లలో ఇది కంబళిలా ఉండదు. వానలో తడిసి ఎండిన మట్టి రెక్కల సందుల్లో పెంకులా గట్టిపడి ఉంటుంది.

కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి, వచ్చిన దారినే బయటికి పంపాలి. ప్రెషర్ వాషర్ అయితే కనీసం ఒక అడుగు దూరం, నేరుగా, పక్కకి వంచకుండా. సర్వీస్ సెంటర్లో కుర్రాళ్లు దగ్గర పెట్టి ఏటవాలుగా కొడితే రెక్కలన్నీ పడుకుంటాయి. పడుకున్న రెక్క అంటే మూసుకున్న కిటికీ. గట్టిపడిన మట్టి ఉంటే సబ్బునీళ్లు చిమ్మి అరగంట నాననిచ్చి కడగండి. కాస్టిక్ సోడా మాత్రం దగ్గరికి రానివ్వకండి. పాత ఇత్తడి రేడియేటర్లకి అది అలవాటు. ఇంటర్‌కూలర్ అల్యూమినియం, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. నురగ రావడం చూసి మురికి పోతోందనుకుంటారు, పోయేది రెక్క.

దాని తర్వాత గూడు. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు విరిగితే చాలామంది తీసి పక్కన పడేస్తారు. ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ పక్కల ఉండే స్పాంజి పట్టీలు ఊడితే మళ్లీ పెట్టరు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఘాట్‌లో బండిని కాపాడేవి ఇవే. చదునురోడ్డు మీద 60లో వెళ్తుంటే ఎదురుగాలి ఎలాగూ తోసుకొస్తుంది. ఘాట్‌లో రెండో గేరు, గంటకి 15-20 కిలోమీటర్లు, ఎదురుగాలి లేనట్టే. మొత్తం ఫ్యాను మీదే. గూడు లేని ఫ్యాను ఇంటర్‌కూలర్ లోంచి కాకుండా పక్కల సందుల్లోంచి, ఒక్కోసారి ఇంజన్ వేడి గాలినే మళ్లీ చుట్టి లాగుతుంది. స్పాంజి పట్టీలు చౌక, చేత్తో అంటించుకోవచ్చు.

ఫ్యాను విస్కస్ రకం (వేడెక్కితే లోపలి ఆయిల్‌తో పట్టు బిగిసేది) అయితే, ఘాట్ ఎక్కి ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆపేసి, తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యానుని చేత్తో తిప్పండి. బరువుగా కదిలి వెంటనే ఆగాలి. వేడి మీద కూడా గిరగిరా నాలుగైదు చుట్లు తిరిగితే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోయినట్టే. హబ్బు ముందు జిడ్డు దుమ్ము అతుక్కుని ఉంటే అది కూడా అదే గుర్తు. కరెంటు ఫ్యాను అయితే హై స్పీడ్ వస్తోందా, తిరిగే దిక్కు సరిగ్గా ఉందా చూడాలి. మోటార్ మార్చినప్పుడు వైర్లు తిరగేసి కలిపితే ఫ్యాను గాలిని ముందుకు నెడుతుంది. ఒక కాగితం గ్రిల్లుకి పెడితే అతుక్కోవాలి, ఎగిరిపోకూడదు.

లీకు పరీక్ష

టర్బో నుంచి మానిఫోల్డ్ దాకా ఎక్కడ నూనె మరక తడిగా ఉందో అక్కడ అనుమానించండి. గాలితో పాటు సన్నటి ఆయిల్ ఆవిరి వెళ్తుంది, లీకు ఉన్నచోట అది బయటపడి దుమ్ము పట్టుకుంటుంది. హోస్‌లు వంపు దగ్గర, అడుగువైపు, ఛాసిస్‌కి రాసుకునే చోట ముందు చిరుగుతాయి. నిలబడి రేస్ చేస్తే ఈ చిరుగు తెరుచుకోదు, లోడు మీద బూస్ట్ వచ్చినప్పుడే తెరుచుకుని 'స్‌స్‌' మంటుంది. అందుకే షెడ్డులో 'అంతా బాగుంది' అని తేలుతుంది.

సరైన పద్ధతి: ఎయిర్‌ఫిల్టర్ హోస్ టర్బో దగ్గర విప్పి, ఆ నోటికి సరిపోయే పీవీసీ మూత బిగించండి. మూతకి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి పెట్టండి. రెగ్యులేటర్‌తో 0.7 నుంచి 1 బార్ లోపే గాలి పంపండి. అంతకు మించి వద్దు, టర్బో సీళ్లలోంచి గాలి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే భాగంలోకి) వెళ్తుంది. ఆయిల్ పోసే మూత తీసి ఉంచండి. తర్వాత ప్రతి జాయింటు మీద సబ్బునీళ్లు. తెరిచి ఉన్న వాల్వుల్లోంచి కొంత గాలి ఎలాగూ పోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు, బుడగలు చూడండి. మూతకి ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు, జారితే తుపాకీ గుండులా వస్తుంది. తాడుతోనో గొలుసుతోనో కట్టి మొదలుపెట్టండి.

ఇంటర్‌కూలర్‌ని విడిగా పరీక్షించాలంటే విప్పి రెండు నోళ్లూ మూసి, 2 బార్ దాకా నింపి, వాల్వు కట్టేసి 15 సెకన్లు చూడాలి. 0.35 బార్ కంటే ఎక్కువ పడితే పనికిరాదు. పెద్ద లారీ ఇంజన్లకి పాటించే కొలత ఇది, పికప్‌కి కూడా సరిపోతుంది. గేజీ లేకపోతే పంక్చర్ షాపు నీళ్ల తొట్టిలో ముంచితే చాలు, కాకపోతే ఒత్తిడి తగ్గించి 1 బార్‌తో చేయండి. చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్ అయితే, అల్యూమినియం అంచు మడిచి నొక్కిన జాయింటు దగ్గరే ఎక్కువగా పోతుంది. దాని మీద ఎం-సీల్, ఆరాల్డైట్ పూసి సంతృప్తి పడొద్దు. 150 డిగ్రీల గాలి, ఒత్తిడి ఎక్కి దిగడం, రెండు నెలలు కూడా నిలవదు. మొత్తం అల్యూమినియం ట్యాంకు అయితే టిగ్ వెల్డింగ్ చేయించవచ్చు. ట్యూబులోనే చిల్లు పడితే కోర్ (ట్యూబులు, రెక్కలు ఉన్న నడిమి భాగం) మార్చడమే.

హోస్ మార్చేటప్పుడు దారిలో దొరికిన రేడియేటర్ హోస్ ముక్క కోసి పెట్టకండి. ఘాట్ మధ్యలో ఇల్లు చేరడానికి సరే. అది నీళ్ల కోసం చేసిన రబ్బరు, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, టర్బో వైపు వేడికి ఆగదు. మామూలు సిలికాన్ హోస్ కూడా టర్బో వైపు నూనె పీల్చుకుంటుంది. అటువైపు లోపల ఫ్లోరో పొర ఉన్నదే అడగండి. ఇంటర్‌కూలర్ తర్వాతి చల్లటి వైపు మామూలుది నడుస్తుంది. బిగించే ముందు పైపు నోరు, హోస్ లోపల నూనె పూర్తిగా తుడవాలి. పైపు అంచున ఉన్న ఉబ్బు దాటి హోస్ ఒక అంగుళం లోపలికి వెళ్లాలి, క్లాంపు ఆ ఉబ్బుకి వెనక కూర్చోవాలి. క్లాంపు సందుల్లోంచి రబ్బరు ఉబికి వస్తోందంటే ఎక్కువ బిగించారు.

లోపలి నూనె

ఇంటర్‌కూలర్ విప్పినప్పుడు లోపల పల్చటి నూనె తడి ఉంటే భయపడకండి, క్రాంక్‌కేస్ ఆవిరి మళ్లీ ఇన్‌టేక్‌లోకే కలుస్తుంది కాబట్టి అది మామూలు. వంచితే గరిటెడు కారిందంటే మాత్రం టర్బో సీలో, బ్రీదరో (క్రాంక్‌కేస్ ఆవిరి బయటికొచ్చే దారి) పోయింది, లేదా ఎయిర్‌ఫిల్టర్ పూడి టర్బో నూనెని లాగుతోంది. నూనె పొర లోపల గోడకి పట్టి వేడిని బయటికి పోనివ్వదు. అంతకంటే పెద్ద ప్రమాదం, ఎక్కువ నిలిచి ఉంటే ఒక్కసారిగా ఇంజన్ దాన్నే డీజిల్‌లా తాగి, తాళం తీసినా ఆగకుండా గోల చేస్తుంది. ఆ పరిస్థితి వస్తే బండి నిలబడి ఉన్నప్పుడు బ్రేకు తొక్కి పై గేరులో వేసి క్లచ్ వదిలి ఇంజన్‌ని బలవంతంగా ఆపేయడం, లేదా గాలి దారి మూసేయడం తప్ప మార్గం లేదు. గాలి దారిని అరచేతితో మాత్రం మూయకండి.

కడగాలంటే కిరోసిన్ లేదా డీగ్రీజర్ పోసి రెండు వైపులా తిప్పి ఒంపి, శుభ్రంగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. పెట్రోలు వద్దు. తర్వాత వేడినీళ్లు, సబ్బు, మంచినీళ్లు, గాలి కొట్టడం, ఒక రాత్రంతా నోళ్లు కిందికి పెట్టి వేలాడదీయడం. తొందరపడి తడిగా బిగిస్తే లోపల మిగిలిన కిరోసిన్‌తో కూడా పైన చెప్పిన గోలే జరుగుతుంది. టర్బో చక్రం విరిగిన బండి అయితే ఇంటర్‌కూలర్ కడిగి మళ్లీ వేయొద్దు, కొత్తది వేయండి. సన్న ట్యూబుల్లో ఇరుక్కున్న లోహపు రజను ఎంత కడిగినా మొత్తం రాదు. మొదటి ఘాట్‌లోనే ఊడి ఇంజన్‌లోకి పోతుంది.

ఘాట్‌లో కొలవడం

ఇదంతా అయ్యాక స్కానర్ పెట్టండి. చిన్న బ్లూటూత్ స్కానర్లకు కొన్ని కమర్షియల్ బండ్లు జవాబివ్వవు. అప్పుడు కంపెనీ స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి. చూడాల్సినవి మూడు: మానిఫోల్డ్ గాలి వేడి, మానిఫోల్డ్ ఒత్తిడి, కూలెంట్ వేడి. పక్కన ఒక మనిషి కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయాలి, నడిపే మనిషి చూడకూడదు.

ఒత్తిడి దగ్గర చాలామంది పొరపడతారు. స్కానర్ చూపేది మొత్తం ఒత్తిడి, బూస్ట్ కాదు. ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్ చేస్తే విజయనగరంలో 100 కిలోపాస్కల్, కోరాపుట్‌లో 91 దగ్గర చూపాలి. ఆ అంకె తీసేస్తే మిగిలేది బూస్ట్. పైన 200 చూపిస్తే 'కింద 210 ఉండేది, టర్బో పోయింది' అని విప్పేస్తారు. రెండు చోట్లా బూస్ట్ ఇంచుమించు ఒకటే. తాళం ఆన్‌లోనే అంకె తప్పుగా ఉంటే సెన్సార్ మసి పట్టింది, ముందు అది తుడవండి.

ఫుల్ లోడు, ఫుల్ యాక్సిలరేటర్, కనీసం రెండు నిమిషాలు ఏకబిగిన లాగాక మానిఫోల్డ్ గాలి బయటి వేడి కంటే 25-30 డిగ్రీలు ఎక్కువ ఉంటే ఇంటర్‌కూలర్ మంచి స్థితిలో ఉన్నట్టు. 40 దాకా కూడా నెమ్మదిగా ఎక్కే ఘాట్‌లో ఒప్పుకుంటాను. 50 దాటితే ఇంకా ఎక్కడో గాలి అందట్లేదు. ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మూసుకోకుండా ఉండిపోతే కూడా ఈ అంకె పెరుగుతుంది, ఎందుకంటే చాలా బండ్లలో ఆ వేడి పొగ ఇంటర్‌కూలర్ తర్వాతే కలుస్తుంది. కాబట్టి ఇంటర్‌కూలర్ బయటి నోటి దగ్గర పైపు మీద కూడా ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కట్టి చూస్తే ఏది దోషో తేలుతుంది. పైపు చల్లగా, సెన్సార్ వేడిగా అయితే ఈజీఆర్.

ఇంటర్‌కూలర్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా కూడా కొలవగలిగితే మంచిది. ఫుల్ లోడులో 0.1 నుంచి 0.15 బార్ సహజం. 0.2 దాటితే లోపల పూడింది, లేదా ఏదో హోస్ లోపలి పొర ఊడి దారికి అడ్డం పడింది. ఇది బయటికి అసలు కనబడదు.

ఒక మెలిక చెప్పాలి. ఎయిర్‌ఫిల్టర్‌కి గాలి తెచ్చే ముక్కు విరిగిపోయి ఇంజన్ పక్కనున్న 60 డిగ్రీల గాలి పీలుస్తుంటే, టర్బో బయట 180 దాకా పోతుంది. కానీ ఇంటర్‌కూలర్ దాన్ని చాలావరకు దాచేస్తుంది, మానిఫోల్డ్ దగ్గర 7 డిగ్రీలే తేడా కనిపిస్తుంది. రీడింగు బాగుందనుకుంటాం, టర్బో మాత్రం లోపల ఎక్కువ వేగంతో అరుగుతూ ఉంటుంది. ఆ ముక్కు కళ్లతో చూసుకోవాల్సిందే.

మరి పెద్ద ఇంటర్‌కూలర్?

పైన చెప్పిన 40 డిగ్రీల లెక్కే తీసుకోండి. సామర్థ్యం 75 నుంచి 85 శాతానికి పెంచే పెద్ద కోర్ వేశారనుకుందాం. గాలి 68 నుంచి 57కి దిగుతుంది, బరువులో 3 శాతం లాభం. పొడవాటి పైపులు, అదనపు వంపులు, వేరే సైజు నోళ్లకి రెడ్యూసర్లు కలిపి ఇంకో 0.05 బార్ ఒత్తిడి పోతే 2 శాతం పైన నష్టం. మిగిలింది ఒక శాతం లోపు. దానికోసం రేడియేటర్ ముందు ఒక మందపాటి గోడ నిలబెట్టారు. కూలెంట్ ఇంకా వేడెక్కుతుంది, ఈసీయూ డీజిల్ ఇంకా తగ్గిస్తుంది. ముల్లు ఇప్పటికే పైకి వస్తున్న మీ బండికి ఇది సరిగ్గా వద్దన్న మందు. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే మందం పెంచకుండా ముఖం వైశాల్యం పెంచేదే చూడండి. ఇంకొకటి, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ఒడిశా, ఆంధ్ర రెండు వైపులా తిరిగే ట్రాన్స్‌పోర్ట్ బండికి ఫిట్‌నెస్ దగ్గర ఆ తలనొప్పి ఎందుకు?

నీళ్లు చిమ్మడం

ఇది పనిచేసే విద్యే. నీళ్లు ఆవిరవుతూ వేడి తీసుకుపోతాయి. కానీ లెక్క చూడండి. మీ ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ లోడులో ఇంటర్‌కూలర్ ద్వారా వదిలే వేడి 8-9 కిలోవాట్లు. ఒక లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్లు తీస్తాయి. అంటే ఆ పని మొత్తం నీళ్లే చేయాలంటే అయిదు నిమిషాలకి ఒక లీటరు. సగం చుక్కలు రోడ్డు మీద పడతాయి కాబట్టి అరగంట ఘాట్‌కి పది, పన్నెండు లీటర్ల ట్యాంకు, పంపు, సన్న నాజిళ్లు కావాలి. బోరు నీళ్లు వాడితే రెక్కల మీద తెల్లటి సున్నం పేరుకుంటుంది. ఎర్రదుమ్ము రోడ్డులో తడి రెక్కలంటే మట్టికి జిగురు పూసి పెట్టినట్టే.

వాతావరణం కూడా ముఖ్యం. మహారాష్ట్రలోని చంద్రపూర్, రాజురా వైపు మే నెల పొడి ఎండలో 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే తడి గాలి 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. అక్కడ బొగ్గు టిప్పర్ల వాళ్లు అడిగితే ఆలోచించమంటాను. మన సాలూరు, పార్వతీపురం వైపు జూన్‌లో ఉక్కపోత, 34 డిగ్రీలు 75 శాతం తేమ ఉన్నప్పుడు 30 వరకే వస్తుంది. నాలుగు డిగ్రీల కోసం పన్నెండు లీటర్లు మోయాలి. ఇన్‌టేక్ పైపు లోపలికే నీళ్లు చిమ్మే కిట్లు అయితే పికప్‌కి అసలు వద్దు. టర్బో ముందు చిమ్మితే చుక్కలు కంప్రెసర్ రెక్కల అంచు కొరికేస్తాయి. నాజిల్ కారి నీళ్లు నిలిచి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

నడిపే తీరు గురించి ఒక్కమాట. మూడో గేరులో 1400 ఆర్‌పీఎంతో మొండిగా లాగించకండి. ఆ వేగంలో ఫ్యానూ నెమ్మదే, నీళ్ల పంపూ నెమ్మదే, డీజిల్ మాత్రం ఫుల్. రెండో గేరుకి ముందే దించి 2000-2400 మధ్య ఉంచండి, ఏసీ ఉంటే ఘాట్ అయ్యేదాకా ఆపేయండి. సుంకి దాటి పైకి చేరగానే టీ కోసం టక్కున ఇంజన్ ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదలండి.

శుభ్రం చేయడం, గూడు, హోస్‌లు అయ్యాక అదే లోడుతో, అదే మధ్యాహ్నం టైముకి ఒకసారి ఎక్కి ఈ అంకెలు ఇక్కడే రాయండి: బయటి వేడి, మానిఫోల్డ్ గాలి వేడి, తాళం ఆన్‌లో ఒత్తిడి, ఫుల్ లోడులో ఒత్తిడి, కూలెంట్ వేడి. గాలి వేడి బయటికంటే 40 డిగ్రీల లోపే ఉండి కూడా నల్లపొగ ఆగకపోతే ఇంటర్‌కూలర్‌ని వదిలేసి ఎయిర్‌ఫిల్టర్, ఈజీఆర్, వేస్ట్‌గేట్, ఇంజెక్టర్ల వైపు వెళ్దాం.